ఆడవాళ్లతో నిండిన బస్సు

మా ఊళ్లో రాత్రి ఆగే బస్సుకు ఇంటింటి వంతున అన్నం పెడతారు. బస్సుకు కాదు లెండి, దాని డ్రైవర్‌కూ కండక్టర్‌కూ. చెన్నూరు దాటి గోదావరి వైపు లోపలికి వస్తే మాదే ఆఖరి ఊరు. మాపటికి వచ్చిన బస్సు చర్చి గోడ పక్కన ఆగుతుంది. వాళ్లిద్దరూ అందులోనే పడుకుని, పొద్దు పొడవకముందే బండి తీస్తారు. హోటల్ లేని ఊళ్లో పాపం వాళ్లేం తింటారని ఎప్పుడో మా పెద్దలు ఈ వంతు పెట్టారు. వంతు వచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా కూర కాస్త చిక్కగానే ఉంటుంది. నేను చెప్పబోయేది మా ఇంటి వంతు రోజున మొదలైంది.

కండక్టర్ నాకంటే చిన్నవాడు. నేను తమ్మీ అంటాను, అతను అక్కా అంటాడు. మామూలుగా మా ఇంటి కోడికూర అంటే రెండోసారి అడిగి పెట్టించుకునే మనిషి, ఆ సాయంత్రం అన్నం కలిపి కలిపి ఊరుకుంటున్నాడు.

“ఏమైంది తమ్మీ, కారం ఎక్కువైందా?”

“కూర మంచిగనే ఉందక్కా. నాకే లోపలికి పోతలేదు. గీ బస్సు తీసేస్తరట.”

“ఏం మాట్లాడుతున్నవ్? ఎవరన్నరు?”

“డిపోల అంటుండ్రు. ఖర్చు తగ్గించుమని పైకెల్లి వచ్చిందట. మనుషులు ఎక్కని రూట్లన్ని బంద్ పెడుతుండ్రు. వచ్చే వారమంతా మన బండి మీద సర్వే ఉంది. చెకింగాయన బస్సులనే కూసుంటడు. ఎంతమంది ఎక్కిండ్రు, ఎక్కడ దిగిండ్రు, చూస్తడు. నిండితే ఉంటది, లేకుంటే పోతది.”

లోపలి అర్రలో మంచం మీద పడుకున్న మా అవ్వ అంతా వింటూనే ఉంది. “గా పిలగాన్ని ముందుగాల తిననియ్యే” అని అక్కడి నుంచే కసిరింది. తిననిచ్చాను. నేను మాత్రం ఆ పూట తినలేదు.

అవ్వ సంగతి చెప్తే గాని నా బుగులు మీకు అర్థం కాదు. అవ్వకు కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకుంటేనే మనిషి ఉంటుంది. మొదట్లో కరీంనగర్ తీసుకుపోయేవాళ్లం, పోయి రావడానికే ప్రాణం పోయేది. తర్వాత సర్కారు చెన్నూరు అవతల టౌన్‌లో, మా జిల్లా దవాఖానలోనే మిషన్లు పెట్టింది, పైసా అడగకుండా. నేను సర్కారును ఊరికే ఆడిపోసుకునే దాన్ని కాదు, పెట్టినప్పుడు పెట్టిందనే చెప్తాను. ఆ మిషన్లు రాకపోతే మా అవ్వ ఈపాటికి సమాధుల తోటలో ఉండేది.

అక్కడ అవ్వది పొద్దున మొదటి వంతు మంచం. ఆ వంతుకు అందుకునే బస్సు మాది ఒక్కటే. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇవ్వక ఏం చేస్తారు? మిషన్లు కొన్నే, బయట కూర్చున్నవాళ్లు మస్తు. ఒక వంతు తప్పిందంటే అవ్వ కాళ్లు ఉబ్బుతాయి. ఇంకోటి కూడా తప్పితే ఊపిరి అందదు. ఆపైన ఏమవుతుందో మేమెప్పుడూ ఇంట్లో పైకి అనుకోలేదు. నీళ్లు కూడా లెక్క ప్రకారమే తాగాలి. ఎండాకాలంలో దూపకు ఆగలేక తడిగుడ్డ పెదవులకు అద్దుకుంటూ కూర్చుంటుంది. బిందె పక్కనే ఉంటుంది, ముట్టదు.

నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ను, పిల్లల్ని వదిలేసి ప్రతిసారీ వెంట పోలేను. డ్రైవర్ వెనక సీటు అవ్వ కోసం ఖాళీగా ఉంచేవాళ్లు. దవాఖాన గేటు ముందు స్టాప్ లేకపోయినా బస్సు ఆపి, కండక్టర్ తమ్ముడే చెయ్యి పట్టుకుని దింపేవాడు. ఆ బస్సు మాకు బస్సు మాత్రమే అయితే నేను ఇంత పరేషాన్ అయ్యేదాన్ని కాదు.

ఆదివారం ఆరాధన అయిపోయాక ప్రకటనలు చెప్పే వేళకు లేచి నిలబడ్డాను. నాది మొదటి నుంచీ పెద్ద నోరు, మైకు అక్కర్లేదు.

“వందనాలు అందరికీ. వచ్చే వారం మన బస్సుకు పరీక్ష పెడుతుండ్రు. నిండకుంటే తీసేస్తరట. మా అవ్వ సంగతి మీకు తెలువంది కాదు. మన ఆడోళ్లకు సర్కారు బస్సు ఫ్రీనాయె, పైసా ఖర్చు లేదు. పనున్నా లేకున్నా చెన్నూరు దాంక పోయి వద్దాం. ఏమంటరు?”

ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు అమ్మగారు లేచింది. మా సంఘంలో పాస్టర్‌ను అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం.

“బుధవారం కుటుంబ ప్రార్థన ఎవరింట్లనన్నా ఎందుకు? బస్సులనే పెట్టుకుందాం” అన్నది.

ఇక చూడాలి ఆ వారం! ఆడవాళ్లంతా చీకట్లోనే స్నానాలు చేసి, తలలు దువ్వుకుని బస్సు దగ్గరికి వచ్చేశారు. సంఘంలో లేనివాళ్లు, బతుకమ్మ ఆడేవాళ్లు కూడా కదిలారు, అవ్వ అంటే ఊరందరికీ అవ్వే. ఒకామె పని లేకుండా పోతే బాగుండదని అమ్మడానికి చింతపండు మూట పెట్టుకుంది. ఇంకొకామె, “నా పెండ్లైనంక గింత పొద్దుగాల ఇల్లు ఇడిసి బయటవడ్డది గిదే మొదలు” అని నవ్వింది. బుధవారం నాడు నిజంగానే బస్సులో ప్రార్థన జరిగింది. కీర్తనలు పాడుతుంటే బతుకమ్మ ఆడే ఆడవాళ్లూ చప్పట్లు కలిపారు. వెనక సీటులో చెకింగాయన చెవిలో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవర్ వెనక సీటులో అవ్వ ఒకటే మురిసిపోయింది. “నా ఒక్కదాని కోసం గింత లొల్లా బిడ్డా” అంటూనే చుట్టూ చూసుకుని నవ్వుకుంది.

ఆ బస్సులో రోజూ ఎక్కే మగమనిషి ఒకాయన ఉన్నాడు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద తువ్వాలలు నేసి, మూట కట్టుకుని టౌన్‌లో అమ్ముకుంటాడు. కూలి గిట్టక ఆయన తిప్పలు ఆయనవి. తనకో టికెట్, మూటకో టికెట్ కొంటాడు. ఆ వారం బస్సులో కాలు పెట్టే సందు లేదు. మూట నెత్తిన పెట్టుకుని ఫుట్‌బోర్డు దగ్గరికి వచ్చాడు.

“జర జరుగుండ్రి చెల్లె, నేను ఎప్పుడూ ఎక్కేటోన్నే గదా.”

“ఈ వారం వద్దన్నా, నీ మూట తావుల నలుగురు నిలబడుతరు. సర్వే అయిపోయేదాంక ఆటోల పో. బస్సు ఉంటే అందరికీ ఉంటది.”

పాపం, మూట సర్దుకుని ఆటో కోసం పోయాడు. మిగతా మగవాళ్లకు కూడా అదే చెప్పాం. బండ్లు ఉన్నవాళ్లు బండ్ల మీద పోయారు. కండక్టర్ తమ్ముడికి కూడా ఇందులో తేడా కనిపించలేదు. “ఆడోళ్ల టికెట్ గూడ టికెట్టే అక్కా, సర్కారు కడతది” అని మిషన్ నుంచి జీరో టికెట్లు పరపరా చింపి ఇచ్చాడు. వారం చివర చెకింగాయన బస్సు దిగుతుంటే, “ఇంతగానం నిండిన బస్సు నేను జాతరప్పుడు సుత చూడలేదమ్మా” అన్నాడు. మేం గెలిచామనుకున్నాం. అమ్మగారు స్తుతి ప్రార్థన కూడా చేసింది.

కొద్ది రోజులకు ఒక సాయంత్రం బస్సు రాలేదు. ఆ రోజు వంతు మా పక్కింటిది, గిన్నెలు మూతపెట్టి ఎదురుచూశారు. టైరు పంక్చర్ అయ్యుంటుందన్నారు. నేను కండక్టర్‌కు ఫోన్ చేశాను.

“తీసేసిండ్రక్కా” అన్నాడు.

మర్నాడు పిల్లల్ని ఆయాకు అప్పజెప్పి, అమ్మగారిని వెంటేసుకుని డిపోకు పోయాను. అక్కడి పెద్దసారు తలకొట్టేసినట్టు కూర్చుని ఉన్నాడు. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. మర్యాదస్తుడే. నాకు మాత్రం మర్యాద తలకెక్కే పరిస్థితి లేదు.

“నిండితే ఉంటదన్నరు గదా సారు. నిండింది. మీ మనిషే కండ్లార చూసిండు.”

“నిండింది తల్లీ, కాదంటలేను. ఆడోళ్లతోని నిండింది.”

“అయితే?”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఆడోళ్ల టికెట్ల పైసలు మాకు సర్కారు ఇయ్యాలె. ఇస్తరు. ఎప్పుడిస్తరంటే నా దగ్గర జవాబు లేదు. ఖజానల పైసలు లెవ్వంటుండ్రు. బంకువాడు డీజిల్ ఉద్దెర పోస్తడా? మా స్టాఫ్ జీతాలు ఆగొద్దంటే నగదు వచ్చే రూట్లకు బండ్లు తిప్పాలె. మీ బస్సుల ఆ వారం నగదు పెరుగుడు కాదు, ఉన్నది గూడ పోయింది. రోజూ టికెట్ కొనే మగవాళ్లు ఆ వారం ఎక్కనే లేదు. ఎందుకు ఎక్కలేదో నాకైతే సమజ్ కాలేదు.”

అమ్మగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకు ఎక్కలేదో మా ఇద్దరికీ తెలుసు. మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఆపింది నేనే గదా! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అంతలోనే అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

“ఐతే ఆడోళ్లు ఎక్కితె మనుషులు ఎక్కినట్టు కాదా సారు? ఫ్రీగ పొమ్మన్నది మీరే. పోతే లెక్కల లేమంటరు. గిదేం న్యాయం?”

“నన్ను తిట్టు తల్లీ, పడత. పొద్దున్నుంచి నువ్వు మూడో ఊరిదానివి.”

తిట్టాను కూడా. ఏమేం అన్నానో రాస్తే బాగుండదు. చివరికి అవ్వ సంగతి చెప్పాను. ఆయన బస్సుల టైంల కాగితం తీసి చూశాడు. పొద్దు పొడిచాక, టిఫిన్ల వేళకు మా ఊరికి ఒక బస్సు వేయగలనన్నాడు. అది డిపో నుంచి బయలుదేరి మా ఊరికి వచ్చి తిరిగి టౌన్‌కు చేరేసరికి మొదటి వంతు వాళ్లకు మిషన్ల మీద సగం అయిపోతుంది. ఆ మాటే అన్నాను. “నా చేతిల ఉన్నది అంతే” అన్నాడు.

ఫ్రీ బస్సు పెట్టిన కొత్తలో మేమంతా మురిసిపోయాం. ఆ మురిపెం అబద్ధం కాదు, ఇప్పటికీ కాదనను. మొగుణ్ని చిల్లర అడగకుండా దవాఖానకు పోయిన ఆడవాళ్లను నేను చూశాను. మా సెంటర్‌కు గుడ్లు తక్కువ పంపినప్పుడు కూడా, ఎక్కడో కష్టం ఉంది గాబోలు, సర్దుకుందాం అని పిల్లలకు సగం సగం పెట్టాను. అన్నింటికీ సర్దుకునే మనిషినే. అవ్వ ఊపిరిలో సగం ఎట్లా సర్దాలో మాత్రం నాకు తెలియలేదు.

ఆ బస్సు వేశారు గాని అవ్వ వంతుకు అందదు, ఇక ఆటోనే గతి అయింది. పక్క ఊరి ఆటో అతను మనుషులు నిండితే గాని కదలడు. అతణ్ని అనడానికీ లేదు, ఒక్క ముసలామెను ఎక్కించుకుని అంత దూరం పోతే అతనికి ఏం మిగులుతుంది? మొదటిసారి అట్లా ఆలస్యమై మంచం తప్పింది. దవాఖానవాళ్లు కనికరించి రేపు రమ్మన్నారు. మర్నాడు వాన, ఆటో రానేలేదు. అవ్వ కాళ్లు నొక్కితే వేలు దిగబడుతోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసింది. “మంచిగనే ఉందే, నువ్వు ఫికర్ చేయకు” అంటుంది. మాటకూ మాటకూ నడుమ రొప్పుతుంది.

ఆ తర్వాతి రోజు సెంటర్‌కు తాళం వేసి నేనే వెంట బయలుదేరాను. ఆటో చెన్నూరు దాటింది, మంచిగానే పోతోంది. శ్రీరాంపూర్ దగ్గరికి వచ్చేసరికి బొగ్గు టిప్పర్ల వరుసలో చిక్కుకుని, కదిలీ కదిలీ ఇంజన్ ఆగిపోయింది. అతను తాడు లాగుతున్నాడు, మళ్లీ లాగుతున్నాడు, గర్రుమని ఆగిపోతోంది. టిప్పర్లు మా పక్క నుంచే పోతున్నాయి, నల్లటి దుమ్ము వచ్చి మొహాన కొడుతోంది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా భుజం మీద తల ఆనించింది. పెదవులు వంకాయ రంగుకు తిరిగాయి.

“అవ్వా, నన్ను చూడు. అవ్వా!”

“చూస్తున్ననే. ఒర్రకు.”

ఒక బస్సు వచ్చింది. చెయ్యెత్తాను. మెట్ల మీద దాకా మనుషులు, లోపల అంతా ఆడవాళ్లే. డ్రైవర్ చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఇంకొకటి, అదీ అట్లాగే. ఎన్ని బస్సులు తీసేస్తే అంత మందీ ఉన్నవాటిలోనే కదా ఎక్కాలి! మూడోది కనిపించగానే నేను రోడ్డు నడిమికి పోయి నిలబడ్డాను. చస్తే చస్తాననే అనుకున్నాను, అంత కోపంగా ఉన్నాను. బస్సు కిర్రుమని నా ముందు ఆగింది. డ్రైవర్ నోటికొచ్చింది తిట్టాడు.

“తిట్టుకో అన్నా, తిట్టుకో! మా అవ్వ సచ్చేటట్టున్నది, ఎక్కించుకో ముందుగాల!”

లోపలి ఆడవాళ్లు అవ్వను చూశారు. ఎవరెవరో చేతులు చాచి పైకి గుంజుకున్నారు. కాలేజీకి పోయే పిల్ల లేచి సీటు ఇచ్చింది. ఒకామె ఒళ్లో పసిపిల్లతోనే అవ్వకు కొంగుతో విసిరింది. అవ్వ కళ్లు మూసుకుని ఉంటే, ఆమె ఛాతీ పైకి లేవడం, దిగడం చూసుకుంటూ ఆ దారంతా నిలబడ్డాను.

దవాఖాన చేరేసరికి అనుకున్నట్టే మొదటి వంతు అయిపోవస్తోంది. అయినా అవ్వ మొహం చూసి వాళ్లు ఆక్సిజన్ పెట్టి పక్క బల్ల మీద పడుకోబెట్టారు, ఏ మిషన్ ముందు ఖాళీ అయితే దాని మీద ఎక్కిస్తామన్నారు. నేను వరండాకూ లోపలికీ తిరుగుతున్నాను. కూర్చోమ్మా అన్నవాళ్ల మీదల్లా కసురుకుంటున్నాను. మిషన్లు చూసుకునే పిల్లవాడు, మా అవ్వను మొదటి నుంచీ ఎరిగినవాడు, నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, జర ఇటు రా. మధ్యాహ్నం వంతుల ఒక మంచం ఉంది. ఇయ్యాళ ఒక్కనాటికి కాదు, ఇగ ఎప్పటికీ అవ్వకే రాసిస్తం. మీ ఊరికి టిఫిన్ల వేళ బస్సు ఉందని అవ్వ చెప్పింది, దానికి మంచిగ అందుతది.”

నా చెవులను నేను నమ్మలేదు. “ఎప్పటికీనా?”

“ఎప్పటికీ.”

“స్తోత్రం! ప్రభువా, నీకు స్తోత్రం!” అని రెండు చేతులూ ఎత్తి ఆ వార్డు అంతా వినపడేటట్టు అరిచాను. మా వాళ్లకు సంతోషమైనా భయమైనా ముందు నోట వచ్చేది అదే. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. అవ్వ దగ్గరికి ఉరికి, “అవ్వా, దేవుడు మన మొర ఇన్నడే, మనకు మంచం దొరికింది” అని చెప్పాను.

అవ్వ ముక్కు మీది మాస్కు పక్కకు జరిపింది. నన్ను చూడలేదు, వెనకే వచ్చిన ఆ పిల్లవాణ్ని చూసింది.

“గా మంచం ఎవరిది బిడ్డా?”

అతను మాస్కు సర్దబోయాడు. అవ్వ సర్దనివ్వలేదు.

“అడవి దిక్కు ఒక ఊరు అవ్వా. ఒకామె వస్తుండె. కొన్నొద్దుల సంది వస్తలేదు. నిన్న ఫోన్ చేస్తే కొడుకు ఎత్తిండు. అన్నీ అయిపోయినయ్ అన్నడు.”

“గా ఊరికి బస్సు ఉందా?”

“ఉండె” అన్నాడు.

నేను ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడ్డాను. నా అరుపు విన్న వార్డంతా ఈ మాట కూడా విన్నది. ఎవరి మిషన్ మీద వాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను, ఏడుపు వచ్చింది. అయినా ఆ మంచం వద్దని నా నోటి నుంచి రాలేదు, ఇప్పుడడిగినా రాదు.

మధ్యాహ్నం దుప్పటి మార్చి పిలిచారు. అవ్వ చెప్పులు విడిచి, నా చెయ్యి పట్టుకుని ఆ మంచం ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది?